పిండి గట్టుకు గండి

ఇంట్లో పాస్తా చేయడానికి కావలసినవి మైదా, గుడ్లు, రెండు చేతులు. జాబితా ఇంత చిన్నదిగా ఉండటమే అసలు ప్రమాదం. ఇరవై దినుసుల వంటకమైతే ఏది ఎక్కువైందో ఏది తక్కువైందో ఎవరూ పట్టుకోలేరు, తప్పు తలా కాస్త పంచుకుపోతుంది. ఇక్కడ అనుమానితులు ఇద్దరే. చివరికి దొరికిపోయేది దాదాపు ఎప్పుడూ గుడ్డే.

మనిషికి 100 గ్రాముల పిండి, ఒక గుడ్డు అన్నది ఇటలీలో అమ్మమ్మల కాలం నుంచి నడుస్తున్న లెక్క. లెక్క బాగానే ఉంది, కోడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. పెంకు తీశాక 45 గ్రాములు తూగే గుడ్డూ ఉంటుంది, 60 గ్రాములు తూగేదీ ఉంటుంది. నలుగురికి చేస్తున్నారనుకోండి. 400 గ్రాముల పిండిలో ఒకరింట్లో 180 గ్రాముల గుడ్డు పడుతుంది, పక్కింట్లో 240. గుడ్డులో ముప్పాతిక వంతు నీళ్లే కాబట్టి రెండు ముద్దల మధ్య తేడా 45 గ్రాముల నీళ్లు, అంటే మూడు టేబుల్ స్పూన్లు. మొదటి ముద్దను గోడకేసి కొడితే గోడకు దెబ్బ తగులుతుంది. రెండోదాన్ని కొడితే అది అక్కడే స్థిరపడిపోతుంది. వంటకం రాసిన మనిషికి మాత్రం రెండు ఇళ్ల నుంచీ తిట్లు సమానంగా అందుతాయి.

కాబట్టి గుడ్లను లెక్కపెట్టొద్దు, తూచండి. 100 గ్రాముల పిండికి 55 గ్రాముల గుడ్డు మంచి కొలత. పాస్తా ఒత్తే మెషిన్‌లో వేసేదైతే ఒకటి రెండు గ్రాములు తగ్గినా నష్టం లేదు, కర్రతో ఒత్తేదైతే ఒకటి రెండు పెరిగితే భుజాలకు మేలు. ఫొటోల్లోని బంగారు రంగు చూసి తెల్లసొన తీసేసి ఉత్త పచ్చసొనతో మొదలుపెట్టేవాళ్లున్నారు. పచ్చసొనలో నీళ్లు సగమే, మిగతాదంతా కొవ్వూ ప్రొటీనూ. అదే తూకానికి వేస్తే ముద్ద బిగదీసుకుపోయి పిసికేవాళ్లతో పంతానికి దిగుతుంది. మొదటిసారికి మొత్తం గుడ్డే వాడండి, రంగు సంగతి తరవాత చూసుకోవచ్చు.

ఇక ఆ ప్రసిద్ధ దృశ్యం. బండ మీద పిండి కుప్ప పోసి, నడుమ గుంట చేసి, అందులో గుడ్లు కొట్టి, ఫోర్కుతో గిలక్కొడుతూ లోపలి అంచు నుంచి కొద్దికొద్దిగా పిండి లాక్కోవాలి. ఫొటోలో ఇది నిండు చెరువు. ఇంట్లో మాత్రం గట్టు పలచబడిన చోట ముందు ఒక తడి మరక కనిపిస్తుంది. అది చూసి కంగారుగా ఫోర్కు వదిలేసి, పిండి ఎగదోయడానికి ఒక చెయ్యి అడ్డం పెడతారు. గండి చెయ్యి పెట్టిన చోట పడదు, దాని పక్కన పడుతుంది. ముందు తెల్లసొన బయల్దేరుతుంది, దానికి తొందరెక్కువ. పచ్చసొనను వెంటబెట్టుకుని బండ ఎటు వాలితే అటు పోతుంది. ఆ బండకు వాలు ఉందన్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసేది అప్పుడే. అంచు దాకా పాకి, అక్కడ సాగి సాగి, కింద సొరుగు కొద్దిగా తెరిచి ఉంటే అందులోకి దిగుతుంది. ఆ సొరుగు చెంచాలది అయి తీరుతుంది.

దీనికి కారణాలు సాదాసీదావే. గుంట ఇరుకుగా ఉంటుంది, గట్టు పైన ఎత్తుగా, అడుగున పలచగా ఉంటుంది. పైగా తెల్లసొన గిలక్కొట్టనంతసేపూ ఒకే ముద్దగా ఉంటుంది, కొంత జారితే మిగతాది దాని వెంటే లాక్కుపోతుంది. నాలుగు గుడ్లకు గుంట కనీసం జానెడు వెడల్పు ఉండాలి. ముందు లోపలే గుడ్లను పూర్తిగా గిలక్కొట్టి, అది చిక్కటి జావ అయ్యేదాకా గట్టు అడుగును కదపకూడదు. గుప్పెడు పిండి పక్కన ఉంచుకోండి. ఒకవేళ గండి పడితే చేత్తో కాదు, పిండి గీకే వెడల్పాటి రేకుతో బయటి నుంచి లోపలికి తోయండి. నిజానికి ఇదంతా వెడల్పాటి గిన్నెలో చేస్తే రుచిలో వీసమెత్తు తేడా రాదు. ఫొటో రాదు, అంతే.

పిసకడం మొదలైన అయిదు నిమిషాలకు ముద్ద చూసి గుండె జారుతుంది. పొడిపొడిగా, పగుళ్లతో, అసలు కలుస్తుందా అన్నట్టుంటుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు ఉదారంగా అరకప్పు నీళ్లు పట్టుకొస్తారు. వాళ్లను వంటింట్లోంచి పంపించేయండి. పిండి నీటిని పీల్చుకోవడానికి సమయం పడుతుంది. ఇప్పుడు పోసిన నీళ్లు పావుగంట తరవాత జిగురై పలకరిస్తాయి, అప్పుడు పిండి చల్లుతారు, మళ్లీ గట్టిపడుతుంది, మళ్లీ నీళ్లు. ఇద్దరికి మొదలైన పాస్తా పెళ్లివంటగా ముగుస్తుంది. పొడిగా ఉంటే ఉండనిచ్చి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి. తిరిగొచ్చేసరికి సగం పని అదే చేసుకుని ఉంటుంది. అప్పటికీ పగుళ్లుంటే అరచేతులు తడిచేసుకుని పిసకండి, అంతకుమించి ఒక్క చుక్క వద్దు. మొత్తం పది నిమిషాలు ఒళ్లొంచి పిసికితే పైన నున్నగా అవుతుంది, వేలితో నొక్కితే గుంట మెల్లగా పైకొస్తుంది.

తరవాత అరగంట విశ్రాంతి. మీకు కాదు, ముద్దకు. పిసికినప్పుడు పిండిలోని సాగే ప్రొటీన్, అంటే గ్లూటెన్, బిగుసుకుంటుంది. అప్పుడే ఒత్తితే ఎంత సాగదీస్తే అంత వెనక్కి లాగుతుంది. గాలి తగలకుండా గట్టిగా చుట్టిపెట్టడం ముఖ్యం. బయట వదిలేస్తే పైన చెక్కు కడుతుంది, ఆ చెక్కు ముక్కలు తరవాత పలచగా ఒత్తిన పాస్తా రేకులో చిక్కుకుని ఎక్కడికక్కడ చింపుతాయి.

చేతి మెషిన్‌తో ఉన్న చిక్కు ఏమిటంటే, అది మూడు చేతులున్నవాళ్ల కోసం తయారైంది. ఒక చెయ్యి ముద్దను లోపలికి పెట్టాలి, ఒక చెయ్యి హ్యాండిల్ తిప్పాలి, ఇంకొకటి కింద నుంచి వచ్చే రేకును అందుకోవాలి. సగంలో హ్యాండిల్ ఊడి కాలి మీద పడుతుంది. మెషిన్‌ను బల్లకు బిగించే బిగింపు, మీ ఇంట్లో ఉన్న బల్ల మందానికి తప్ప అన్నింటికీ సరిపోతుంది. ఈ సంగతి పిండి కలపకముందే చూసుకోండి.

ముద్దను మనిషికి ఒకటి చొప్పున కోసి, ఒకదానితో పని చేస్తున్నంతసేపూ మిగతావి కప్పి ఉంచండి. అరచేత్తో అదిమి, రోలర్ల మధ్య సందు అన్నిటికన్నా వెడల్పుగా ఉండే నంబరులో వేసి, మూడు మడతలు పెట్టి, అడ్డం తిప్పి మళ్లీ వేయండి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే అంచులు తిన్నగా వస్తాయి. తరవాత ఒక్కో నంబరూ మారుస్తూ సందు తగ్గించుకుంటూ రావాలి. తొందరపడి రెండు నంబర్లు దాటేస్తే రోలర్ల వెనకాల రేకు కుచ్చిళ్లు పడి, ముందు నుంచి చిరిగి వస్తుంది. ఇంకో విషయం: మనిషికి సరిపడే ముద్ద పలచనయ్యేకొద్దీ మీటరు దాటుతుంది. అది తెలియక హుషారుగా తిప్పుతూ పోతే రేకు బల్ల దాటి, మోకాళ్లు దాటి, ఇంట్లో పిల్లి ఉంటే దాని దాకా వెళ్తుంది. నడుమలో సగానికి కోసేయడమే ఉపాయం.

కోసేముందు రేకును పది పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. వేలికి అంటకూడదు, వంచితే విరగకూడదు. మరీ తడిగా ఉంటే దారాలన్నీ కలిసి మళ్లీ రేకవుతాయి, మరీ ఆరితే మడత దగ్గర పుటుక్కుమంటాయి. వెడల్పు విషయంలో ఇటలీలోని బొలోన్యా నగరం వాళ్లు ఏమాత్రం రాజీపడరు. 1972లో బంగారంతో చేసిన తాల్యాతెల్లె (పట్టీల్లా కోసే పాస్తా) నమూనాను ఆ ఊరి ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో భద్రపరిచారు. ఉడికాక వెడల్పు 8 మిల్లీమీటర్లుండాలి, అంటే అక్కడి అసినెల్లి బురుజు ఎత్తులో 12,270వ వంతు. ఇంట్లో కత్తితో కోసినవి ఒకే కంచంలో నాలుగు నుంచి పదిహేను మిల్లీమీటర్ల దాకా ఉంటాయి, సన్నవి ఉడికిపోయినప్పుడు లావువి ఇంకా ఆలోచిస్తుంటాయి. వంకరటింకర ముక్కలను పారేయొద్దు. బొలోన్యా ఉన్న ఎమీలియా-రొమాన్యా ప్రాంతంలో వాటిని మాల్తాల్యాతీ అని పిలిచి చిక్కుడుగింజల సూప్‌లో వేస్తారు, అడిగినవాళ్లకు అదే చేయాలనుకున్నామని చెప్పుకోవచ్చు.

కోసిన వెంటనే చల్లాల్సింది మైదా కాదు, సన్నటి గోధుమ రవ్వ. మైదా తడి పీల్చి జిగురవుతుంది, రవ్వ పలుకులు దారాలను విడదీసి ఉంచి, నీళ్లలో వేశాక అడుక్కి చేరతాయి. ఫ్రిజ్‌లో దాచాలనుకుంటే ఒకటి రెండు రోజుల్లో బూడిదరంగు మచ్చలు వస్తాయి. గుడ్డున్న పాస్తాను గంటలకొద్దీ బయట వదలకూడదు కూడా. వెంటనే ఫ్రీజర్‌లో పెట్టండి, వండేటప్పుడు గడ్డ కరిగించకుండా నేరుగా మరిగే నీళ్లలో వేయండి. కరగనిచ్చారా, ఉండ మిగులుతుంది.

ఉడకడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 100 గ్రాములకు లీటరు నీళ్లు, లీటరుకు సుమారు 10 గ్రాముల ఉప్పు, రెండు మూడు నిమిషాలు. ఎండు పాస్తాలా నడుమ పలుకు తగులుతుందేమోనని చూస్తూ కూర్చోకండి, దీనికి ఆ పలుకు రాదు, ఉడికిపోతుంది. సాస్ ముందే సిద్ధంగా ఉండాలి. పాస్తా దించాక టమాటాలు తరగడం మొదలుపెడితే అప్పటికి చిల్లుల గిన్నె ఆకారంలో ఒక పాస్తా కేకు తయారవుతుంది.

తిన్నాక ఇంట్లో అందరికన్నా మంచిమనిషి లేచి, సాయం చేద్దామని మెషిన్‌ను కుళాయి కింద పెడతారు. లోపలి ఉక్కు భాగాలకు తుప్పు, రోలర్ల సందుల్లో పిండికి జిగురు, రెండూ ఒకేసారి. దానికి నీళ్లు పనికిరావు. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున పొడి బ్రష్‌తో దులిపితే పిండి తనంతట తనే రాలుతుంది. ఒకవేళ స్నానం అయిపోయి ఉంటే గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, రోలర్ల చివర్లలో ఒక చుక్క వంటనూనె వేసి, ఈసారి మొదటి ముద్దను నల్లమరకలు ఆగేదాకా అందులో తిప్పండి. ఆ ముద్ద మాత్రం సూప్‌కు కూడా పనికిరాదు.