అద్దె సరే, ఈ రిపేర్ల సంగతేంటి?

నిజాంపేటలో ఫ్లాట్ అద్దెకిచ్చామంటే చాలు, "మీకేంటండీ, నెల తిరిగేసరికి డబ్బులు" అంటారు. ఒళ్లు మండిపోతుంది! మా బాత్రూం నీళ్లు దిగి కిందింటివాళ్ల సీలింగు పెచ్చులూడుతోంది. నహానీ ట్రాప్, అదే బాత్రూం నేలలో నీళ్లు బయటికి పోయే జాలీ కింది అమరిక, దాని చుట్టూ లీకేజీ అట. టైల్స్ పగలగొట్టాలి, వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి, మళ్లీ అదే డిజైను దొరకదు. అడ్వాన్సు పుచ్చుకున్న ప్లంబరు ఫోనే ఎత్తడు. అద్దెకున్నవాళ్లు పాపం చంటిపిల్లతో ఒక్క బాత్రూంతోనే నెట్టుకొస్తున్నారు, వాళ్లను చూస్తే ఇంకా బాధ.

ఇన్‌కంటాక్సులో చూపిద్దామంటే, ఆస్తిపన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతమే మినహాయింపు. రిపేర్లకు అంతకు మించి ఎంత పోసినా, ఎన్ని బిల్లులు దాచినా లెక్కలోకి రాదు. వాళ్లు ఖాళీ చేస్తే రంగులు, మెయింటెనెన్సు కూడా నా నెత్తినే. ఇదేం న్యాయమండీ?