మెట్ల లెక్క నాకొద్దు

మొన్న లిఫ్టు దగ్గర మా అపార్ట్‌మెంట్ పెద్దాయనొకరు పట్టుకున్నారు. "విగ్రహాలన్నీ మొదట్లోనే బాబూ, బుద్ధి ఎదిగాక నిరాకారమే" అన్నారు. ఈ మెట్ల లెక్క వినీవినీ విసుగొచ్చింది. కింద మెట్టు మీద మా నాయనమ్మ, పై మెట్టు మీద ఈయన!

సింహాచలం కొండ నీడలో పెరిగినవాణ్ని. మా అప్పన్నది రూపమో, అరూపమో చెప్పమనండి చూద్దాం. వరాహ ముఖం, మనిషి ఒళ్లు, సింహం తోక అంటారు. అది కంటబడేది ఏడాదికొక్కసారి, వైశాఖ శుద్ధ తదియనాడు. మిగతా రోజులన్నీ కళ్లూ ముక్కూ ఏవీ తెలియని చందనపు ముద్దే. కొత్తగా వచ్చినవాళ్లు శివలింగమనుకుంటారు. నా మీంచి పుట్టమన్ను ఎంత తీశావో అంత చందనం పూయమని స్వామే పురూరవ చక్రవర్తికి చెప్పాడని స్థలపురాణం. నిజరూపం చూపించిన రాత్రే మళ్లీ కప్పడం మొదలు. సానరాళ్ల మీద అరగదీసిన చందనం విడతకి మూడు మణుగుల చొప్పున, ఆషాఢ పున్నమి దాకా నాలుగు విడతలు. రూపాన్ని అలా చేత్తో కప్పేసి, ఆ ముద్దకే దణ్ణం పెట్టుకుంటాం. గిరిప్రదక్షిణలో అదీ కనపడదు. కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు నడిస్తే కుడివైపున ఉండేది కొండే. విశాఖ బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి ఎడమచెయ్యి లేదు, నెత్తిన కప్పూ లేదు. అయినా మార్గశిర గురువారం ఆ సందులో అడుగు పెట్టడానికి చోటు దొరకదు.

మా నాయనమ్మకి సంతకం కూడా రాదు. తమలపాకు మీద పసుపు ముద్ద చేసి, చూపుడువేలితో బొట్టు పెట్టి గణపతిని పిలిచేది. చిన్నప్పుడు నేను దాన్ని గిల్లబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. పూజయ్యాక ముద్దని కాస్త కదిపి, "సామి ఎల్లిపోయాడు, ఇంక పసుపేరా, ముట్టుకో" అంది. ఆవాహనకీ ఉద్వాసనకీ మధ్య అరగంట దేవుడు, ఆ తర్వాత తులసికోటలో పోసే పసుపునీళ్లు. ఆవిడకి ఇంకే మెట్టు ఎక్కించాలట?

గీత పన్నెండో అధ్యాయంలో కృష్ణుడు కూడా అవ్యక్తాన్ని, అంటే ఆ నిరాకారాన్ని, పట్టుకున్నవాళ్లకి కష్టం ఎక్కువన్నాడే గానీ, వాళ్లది పై తరగతి అనలేదు. శ్రద్ధతో తనని కొలిచేవాళ్లే యుక్తతములని, అంటే అందరికన్నా మేలైన యోగులని, ముందే చెప్పేశాడు. పెద్దాయన ఈ శ్లోకాలు దాటేసి చదివినట్టున్నారు.

అయితే మనవాళ్లనీ అనాలి. చవితికి మట్టి బొమ్మ పెట్టుకునేదే నీళ్లలో కరిగి మట్టి అయిపోవాలని. ఇప్పుడు పోటీ అంతా ఎత్తు మీదే, బొమ్మేమో ప్లాస్టర్ ఆఫ్ పారిస్. కిందటేడు నిమజ్జనం మర్నాడు పొద్దున్నే బీచ్‌కి నడకకెళ్తే, ఇసకలో సగం కూరుకుపోయిన చెయ్యి ఒకటి కనిపించింది. అరచేతిలో లడ్డూ అలాగే ఉంది, రంగు కూడా పోలేదు. దానికి ఉద్వాసన ఎవరు చెప్పాలో తెలియక కాసేపు అక్కడే నిలబడ్డాను.