పేరు రాయలేదు, ఇల్లు రాశాం

కొన్నేళ్ళ కిందట, గోదావరి పాయల మధ్య ఒక మండలంలో విలేకరిగా తిరుగుతున్న రోజుల్లో, జోన్ పేజీకి (స్థానిక వార్తల పేజీకి) ఒక పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరం కేసు వార్త పంపాను. బాలిక పేరు రాయలేదు కాబట్టి జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. ఊరి పేరు, పేట పేరు, 'పదో తరగతి చదువుతున్న బాలిక', 'తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు' అని రాశాను. మర్నాడు పొద్దున్నే రేవు దగ్గర టీ కొట్టులో ఒకాయన పేపరు నాలుగు మడతలు పెట్టి, సరిగ్గా ఆ వాక్యం మీద వేలు ఆన్చి, 'ఇంకెవరండీ, ఫలానావాళ్ళ రెండో అమ్మాయే' అన్నాడు. పక్క బల్ల మీదివాళ్ళు తలూపారు. ఆ పేటలో దింపుకి వెళ్ళేవాళ్ళు నలుగురో ఐదుగురో. పదో తరగతి పిల్ల ఉన్న ఇల్లు ఒక్కటే. (ఆ ఊరు ఏదో, ఏ ఏడాదో ఇప్పుడు చెప్పను. తండ్రి పని కూడా ఇక్కడ మార్చే రాశాను.)

ఆ పిల్ల మళ్ళీ ఆ బడికి రాలేదు. అది నా వాక్యం వల్లనా, ఊరు ఎలాగూ తెలుసుకునేదా అని అప్పట్లో నాకు నేనే వాదించుకున్నాను. ఊరికి గుసగుసగా తెలియడం వేరు, పేపర్లో పడి రుజువైపోవడం వేరు. పైగా ఈ రోజుల్లో పేపరు మర్నాటికి పకోడీల పొట్లం అయిపోదు. దాని ఫొటో ఫోన్లో ఉంటుంది, యూట్యూబ్ ఛానల్లో ఉంటుంది, రెండేళ్ళ తర్వాత పెళ్ళి సంబంధం చూసేవాళ్ళు ఊరి పేరు కొట్టి వెతికితే మొదటి వరసలోనే వస్తుంది.

అసలు పేరు దాస్తున్నది ఎవరి నుంచి? విశాఖలోనో హైదరాబాదులోనో వార్త చదివే మనిషికి ఆ అమ్మాయి పేరు తెలిసినా ఒరిగేదేమీ లేదు. ఆమె రేపు ఆటో ఎక్కాల్సింది, రేషన్ లైన్లో నిలబడాల్సింది ఇక్కడ. మన డెల్టాలో కాలవ వంతెన దాటితే ఇంకో ఊరు, గట్టు మలుపు తిరిగితే ఇంకో పేట. కొత్త మనిషి కనబడితే 'మీరు ఎవరి తాలూకండీ' అని అడిగే చోటు ఇది. ఇలాంటి చోట పేరు ఒక్కటి తీసేసి మిగతావన్నీ రాస్తే, ఆమెను ఎప్పటికీ ఎరగని వాళ్ళ నుంచి దాచి, రోజూ చూసేవాళ్ళకు అప్పగించినట్టే.

చట్టానికి ఈ సంగతి తెలియదని కాదు. 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ తీసి చూడండి. పిల్లల విషయంలో పేరుతోపాటు చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, గుర్తు పట్టించే మరే వివరమైనా మీడియాలో రాకూడదంటుంది. ఇరుగుపొరుగు అన్న మాట ఆ జాబితాలో పెట్టిన వాళ్ళెవరో పల్లెటూరు ఎరిగినవాళ్ళే అయ్యుంటారు. విలేకరి తప్పు చేస్తే పత్రిక యజమాని, ప్రచురణకర్త కూడా బాధ్యులేనని అదే సెక్షన్ చెబుతుంది. పెద్దవాళ్ళకైతే పాత ఐపీసీలో (భారత శిక్షాస్మృతిలో) 1983లో చేర్చిన 228ఏ సెక్షన్ ఉండేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ వచ్చింది. గుర్తింపు బయటపెడితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. ఇక 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: పేరే అక్కర్లేదు, పరోక్షంగానైనా ఆమె ఎవరో తెలిసిపోయే వివరం ఏదీ ప్రచురించకూడదు. అత్యాచారం, పోక్సో కేసుల ఎఫ్‌ఐఆర్‌లను బహిరంగంలో పెట్టకూడదని పోలీసులకూ చెప్పింది.

ఆ చివరి మాట దగ్గర నాలాంటి వాళ్ళు కాస్త తల దించుకోవాలి. స్టేషన్లో బల్ల మీద ఉన్న ఎఫ్‌ఐఆర్‌ను ఫోన్‌తో క్లిక్‌మనిపించి తెచ్చుకోవడం విలేకర్ల మధ్య ఒక చలాకీతనంగా చెలామణీ అయింది. ఆ ఫొటో 'మన ప్రెస్ మిత్రులు' గ్రూపులో పడుతుంది, అక్కణ్ణుంచి ఎటు పోతుందో పంపినవాడికే తెలియదు.

నిందితుడి పేరు రాయడం గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. వాడి పేరు రాస్తే తప్పేముంది, రాయాలి కూడా అంటారు. ఎవరో దారిన పోయేవాడైతే సరే. కన్నతండ్రో, మేనమామో, పెంపుడు తండ్రో అయితే? నిందితుడి పూర్తి పేరు, వయసు, ఊరు వేసి, కింద 'వరసకు కూతురయ్యే బాలికపై' అని రాసిన వార్తలు నేనే లెక్కలేనన్ని చదివాను. అక్కడ వాడి పేరే ఆ పిల్ల పేరు.

బొమ్మల సంగతి ఇంకా ఘోరం. మొహం మసక చేస్తారు, గొంతు మారుస్తారు. వెనకాల మాత్రం ఇంటి అరుగు, గేటు రంగు, పక్కనున్న రామాలయం గోపురం, పంట కాలవ మీది సిమెంటు వంతెన స్పష్టంగా కనిపిస్తుంటాయి. తర్వాత పరామర్శలు మొదలవుతాయి. నాయకుడు వస్తాడు, తల్లి భుజం మీద చెయ్యి వేస్తాడు, వెనక ఇరవై ఫోన్లు లేస్తాయి. చెక్కు అందిస్తున్న ఫొటో సాయంత్రానికి పార్టీ పేజీలో ఉంటుంది. 2021 ఆగస్టులో ఢిల్లీలో ఒక బాధిత బాలిక తల్లిదండ్రుల ఫొటో పెట్టినందుకు రాహుల్ గాంధీ ట్విటర్ ఖాతానే కొన్నాళ్ళు ఆగిపోయింది. అంత పెద్ద నాయకుడికే అయిన పని మండల స్థాయి నాయకుడికి అవ్వదన్న ధీమా మనవాళ్ళది.

పెద్ద కేసుల్లో కోర్టులు కదలలేదనలేం. జమ్మూ ప్రాంతంలోని కఠువాలో అత్యాచారానికి, హత్యకు గురైన బాలిక పేరు, ఫొటో వేసిన మీడియా సంస్థలు ఒక్కొక్కటీ 10 లక్షల రూపాయలు కట్టాలని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2019లో హైదరాబాద్ శివార్లలో హత్యకు గురైన డాక్టరును 'దిశ' అని పిలవమని పోలీసులు చెప్పేసరికే అసలు పేరు దేశమంతా హ్యాష్‌ట్యాగ్ అయిపోయింది. 2024 ఆగస్టులో, అత్యాచారానికి, హత్యకు గురైన కోల్‌కతా డాక్టరు పేరు, ఫొటోలు సోషల్ మీడియా నుంచి తీసేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇవన్నీ దేశం మొత్తం చూసిన కేసులు. బతికి ఉండి, అదే ఊళ్ళో అదే బావి నీళ్ళు తోడుకోవాల్సిన అమ్మాయి కోసం ఏ హైకోర్టూ తనంతట తాను లేచి రాదు.

ఇక వాట్సాప్. కోనసీమ నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళు ఎంతమందో చెప్పక్కర్లేదు. ప్రతి ఊరికీ ఒక గ్రూపు, అందులో సగం మంది అక్కడివాళ్ళే. ఊరి మీద బెంగతో చేరినవాళ్ళు, దూరాన ఉన్నాం కదా అని ప్రతి కబురూ ఆరా తీస్తారు. రాత్రి పదింటికి ఊళ్ళో జరిగింది అక్కడ డ్యూటీ దిగేసరికి చేరిపోతుంది. ఆ పిల్ల తల్లి కూడా అక్కడే ఇళ్ళలో పనికి వెళ్ళి ఉంటే, కూతురు ఫోన్ చేసే లోపే గ్రూపులో చూసుకునే గతి పట్టొచ్చు. పంపినవాడు రెండ్రోజుల్లో 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కొచ్చు గానీ, అప్పటికే గ్యాలరీలోకి దిగిన ఫొటోను ఏ మీటా నొక్కి తీయలేం. గ్రూపులో ఎవరో పెట్టినదానికి అడ్మిన్‌ను నేరస్థుణ్ణి చేయలేమని కేరళ హైకోర్టు 2022లో అంది, న్యాయమే. కానీ 'రిమూవ్' మీట అడ్మిన్ చేతిలోనే ఉంది. మా ఊరి గ్రూపులో ఒక టీచరుగారు అలాంటి ఫొటో పెట్టిన వాణ్ణి ఐదు నిమిషాల్లో తీసేశారు. వాడు ఆవిడ మీద నెల్లాళ్ళు అలిగాడు.

బాధితురాలి వీడియోయే బయటికొస్తే దారి వేరు. ఏకాంత దృశ్యాలను, మార్ఫింగ్ చేసిన బొమ్మలను ఫిర్యాదు అందిన 24 గంటల్లోగా కంపెనీలు తీసేయాలని 2021 ఐటీ నిబంధనలు పెట్టాయి. 2026 ఫిబ్రవరిలో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేసే వీలుంది. ఎవరి ఫొటో వాళ్ళే, ఎక్కడికీ పంపకుండా, దాని డిజిటల్ వేలిముద్ర మాత్రం ఇచ్చి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల అడ్డుకునే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే వెబ్‌సైట్ 2021 చివర్లో వచ్చింది. స్టేషన్‌లో అడిగితే ఇవి చెప్పేవాళ్ళు ఎందరన్నది వేరే ప్రశ్న.

ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేయకూడదు. బాధితురాలు దళిత పేటకు చెందినదైతే, ఆ మాట రాయకపోతే నేరం వెనకున్న కులం మాయమవుతుంది. రాస్తే ఊళ్ళో ఏ పేటో తెలిసిపోతుంది. నా మటుకు నేను కులం రాస్తాను, ఊరు తీసేస్తాను. జిల్లా పేరు చాలు. ఇంకో సంగతి, పెద్దామె తనంతట తాను పేరుతో మాట్లాడతానంటే అడ్డుపడే హక్కు మనకు లేదు, రాతపూర్వకంగా ఒప్పుకుంటే చట్టమూ ఆపదు. ఆ ఒప్పుదల ఆమెది. ఆమె తరఫున అన్నయ్యో, సంఘం నాయకుడో, జాలి పడ్డ విలేకరో ఇచ్చేది కాదు.

ఆ పాత వార్త ఇప్పుడు రాయాల్సి వస్తే 'జిల్లాలో ఒక బాలికపై లైంగిక దాడి కేసులో ఒకరిని అరెస్టు చేశారు' అని మొదలుపెడతాను. 'ఇందులో వార్తేముందండీ?' అని డెస్క్ నుంచి ఫోన్ వస్తుంది. ఉంది. పోలీసులు 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీకి తెలియజేశారా? వాంగ్మూలం పిల్ల ఇంట్లో, యూనిఫాం లేని మహిళా అధికారి తీసుకున్నారా, లేక స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారా? ప్రత్యేక కోర్టు కేసు చేపట్టిన 30 రోజుల్లో ఆమె సాక్ష్యం నమోదైందా? ఏడాదిలో ముగియాల్సిన విచారణ ఎన్ని వాయిదాల దగ్గర ఆగింది? ఈ నాలుగూ కనుక్కోవడానికి నేను నాలుగు ఆఫీసుల చుట్టూ తిరగాలి. తండ్రి ఏ పని చేస్తాడో కనుక్కోవడానికి మాత్రం ఆ రోజు టీ కొట్టు దాకా వెళ్ళడమే సరిపోయింది.