లిక్విడ్ సిమెంటు గారికి కడప నుంచి ఒక బహిరంగ లేఖ

ముక్కలు అతికించి బొమ్మ విమానాలు చేసుకునే ప్లాస్టిక్ మోడల్ కిట్ల జిగురు, మహారాజశ్రీ లిక్విడ్ సిమెంటు గారికి,

ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల పక్కన పెరిగిన మాకు సిమెంటంటే 50 కిలోల బస్తా. తమరేమో 40 మిల్లీలీటర్ల సీసాలో, మూతకు బ్రష్ తగిలించుకుని వేంచేశారు. సంతోషం. కానీ తమరి పట్టింపులు చూస్తే పెళ్లిళ్ల బ్రోకర్లకే చెమటలు పడతాయి.

తమరికి పాలీస్టైరీన్ అనే కిట్ల ప్లాస్టిక్ సంబంధమే కావాలి. రెజిన్ అనే వేరే రకం ముక్కలు గడప తొక్కకూడదు. ఇత్తడి రేకు ముక్కల్ని కన్నెత్తి చూడరు. సరే, కోరిన పాలీస్టైరీనే తెచ్చామనుకోండి, ముఖాన రంగుంటే మళ్లీ పేచీ. అతుకు దగ్గర పెయింటు గీకేసి ఒట్టి ప్లాస్టిక్ చూపిస్తే గానీ తాంబూలాలు పుచ్చుకోరు. ఆ సూపర్ గ్లూ నయం, ఎవర్ని తెచ్చినా ముడి వేసేస్తుంది. (చిన్న దెబ్బకే ఆ ముడి పుటుక్కుమనడం వేరే సంగతి.)

తమరు చేసిన పెళ్లికి మాత్రం విడాకుల్లేవు. అంటించడం తమరి పద్ధతి కాదు కదా, రెండు అంచుల్నీ కరిగించి ఒకటి చేసేస్తారు. విమానం రెక్క రెండు సగాల్నీ కలిపి పట్టుకుని గీత మీద బ్రష్ మొన ఆనిస్తే చాలు, చరచరా సందంతా పాకిపోతారు. కాసేపాగి నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నగా పైకి ఉబుకుతుంది. రాత్రంతా ఆరనిచ్చి ఉప్పు కాగితంతో రుద్దితే అతుకెక్కడుందో వెతుక్కోవాలి.

ఆ గీత మీద వేలుంటే మాత్రం వేలి కిందికీ దూరతారు. రేషన్ మిషన్‌లో ఎన్నిసార్లు పెట్టినా మా అవ్వ వేలిముద్ర పడదు. స్పిట్‌ఫైర్ విమానం రెక్క మీద నాది ఒక్కసారికే పడుతుంది.

తమరి ఇంట్లో ఎవర్ని పిలవాలన్నదీ ఒక టెన్షనే. బిగువుగా కుదిరే అతుకులకు తమియా కంపెనీ ఆకుపచ్చ మూత సీసాలోని పలచటాయన సరిపోతాడు. ముందు పూసి తర్వాత కలపాల్సిన పెద్ద ముక్కలకు చిక్కటి అన్నగారే దిక్కు. కడప మే నెలలో ఫ్యాన్ కింద పలచటాయన్ని పూస్తే, రెండో ముక్క చేతికి తీసుకునేలోపే ఆవిరి. ఫ్యాన్ ఆపితే తలనొప్పి, కిటికీ తీస్తే వడగాలి. "ఏందిరా, నెయిల్ పాలిష్ వాసన కొడతాంది?" అని వంటింట్లోంచి అమ్మ. ఆమె ముక్కు గట్టిదే. బ్యూటైల్ ఎసిటేట్ అనే ద్రావకం అక్కడా ఉంటుంది, ఆకుపచ్చ మూత కిందా ఉంటుంది.

కాక్‌పిట్ అద్దం జోలికి దయచేసి రావద్దు. దాన్ని ఫెవికాల్ చూసుకుంటుంది.

ఇంకొకటి. సీసా ఒరగకుండా థర్మాకోల్ ముక్కకు గుంత చేసి తమర్ని కూర్చోబెడదామంటే, ఒలికిన నాలుగు చుక్కలతోనే ఆ పీటను తినేస్తారు. థర్మాకోలూ పాలీస్టైరీనే కదండీ, తమరి సొంత మనుషులే! అందుకే చెక్క పీట చేయించాను. సర్దుకోండి.

ఇట్లు,
మూత బిగించడం మరవని
కడప మోడలర్