తలుపు పక్కన నిలబడ్డ మనిషి పేరు చెప్పండి చూద్దాం

మాంటీ హాల్ ప్రాబ్లమ్ తెలియని డేటా సైన్స్ కుర్రాడు అమీర్‌పేట మొత్తం గాలించినా దొరకడు. మూడు తలుపులు. ఒకదాని వెనక కారు, మిగతా రెంటి వెనక మేకలు. మీరొక తలుపు కోరుకున్నాక, హోస్టు మేక ఉన్న ఇంకో తలుపు తీసి చూపించి, ‘మార్చుకుంటారా?’ అంటాడు. మార్చుకుంటే కారు దక్కే అవకాశం మూడింట రెండు వంతులు. 1975లో స్టీవ్ సెల్విన్ అనే ప్రొఫెసరు ఒక స్టాటిస్టిక్స్ పత్రికకి రాసిన ఉత్తరంతో మొదలైన లెక్క ఇది. 1990లో మెరిలిన్ వాస్ సావంట్ తన కాలమ్‌లో సరైన జవాబే రాస్తే దాదాపు పదివేల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. పీహెచ్‌డీలు చేసినవాళ్ళు కూడా ఆవిడకి లెక్కలు రావని ఎగతాళి చేశారు. ఇంటర్వ్యూలకి వెళ్ళే మన పిల్లలు ఈ కథంతా నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

మంచిదే. మరి ఆ తలుపుల పక్కన నిలబడ్డ మనిషి పేరేంటి?

కేరల్ మెరిల్. ఆ లెక్కకి ఆధారం ‘లెట్స్ మేక్ ఎ డీల్’ అనే అమెరికన్ గేమ్ షో. 1963 చివర్లో మొదలై, మొదటి విడత 1977 దాకా నడిచింది. జనం చిత్రవిచిత్రమైన వేషాలు కట్టుకొచ్చి హోస్టు మాంటీ హాల్‌తో బేరాలాడేవాళ్ళు. తెర వెనక ఏముందో, తలుపు వెనక ఏముందో చూపించడం కేరల్ మెరిల్ పని. ఆ తరం అమెరికన్లకి ఆమె బాగానే గుర్తు. కానీ క్లాసురూముల్లోకి, ఇంటర్వ్యూ ప్రశ్నల్లోకి, సముద్రాలు దాటి మనదాకా వచ్చింది మాత్రం హోస్టు పేరొక్కటే. దాదాపు పధ్నాలుగేళ్ళు అక్కడ నిలబడ్డ మనిషికన్నా, లెక్క కోసం కట్టేసిన మేకకి ఎక్కువ గుర్తింపు వచ్చింది. నా కడుపుమంటంతా అదే.

అసలు నాకీ పాత షోల పిచ్చి అంటించింది మా అత్తయ్య. నా డెలివరీకి డాలస్ వచ్చారు. ఇక్కడికొచ్చే అమ్మానాన్నలకి పొద్దుపోవడం ఎంత కష్టమో మీలో చాలామందికి తెలుసు. టీవీ పెడితే అంతా ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు పెద్దగా అక్కర్లేని షో ఒకటుంది, ‘ది ప్రైస్ ఈజ్ రైట్’. వస్తువు చూపిస్తారు, ధర చెప్పాలి. అసలు ధర దాటకుండా దగ్గరగా చెప్పినవాళ్ళు స్టేజి ఎక్కుతారు. రైతుబజారులో చెయ్యి తిరిగిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి! ప్లూటో టీవీలో పాత హోస్టు బాబ్ బార్కర్ కాలం నాటి ఎపిసోడ్లకే ప్రత్యేకంగా ఒక ఛానెల్ ఉంది, పైసా కట్టక్కర్లేదు. 1980లవి వరసగా వస్తుంటాయి. (అంతకు ముందువి ఎందుకు లేవంటే, బార్కర్ జంతు ప్రేమికుడు. ఫర్ కోట్లు బహుమతిగా ఇచ్చిన కాలం నాటివి మళ్ళీ వెయ్యనిచ్చేవాడు కాదు.) అత్తయ్య అవి పెట్టుకుని, మనవణ్ణి ఒళ్ళో వేసుకుని, ఫ్రిజ్‌కి ఒక రేటు, డైనింగ్ టేబుల్‌కి ఒక రేటు చెప్తూ కూర్చునేవారు.

ఒకరోజు ఉన్నట్టుండి, ‘ఏంటమ్మాయ్, ఈ పిల్లలకి మాటలు రావా?’ అన్నారు.

వస్తువుల పక్కన నిలబడి చూపించే మోడళ్ళ గురించి ఆ మాట. అప్పటిదాకా నేను వాళ్ళని చూడలేదు. అంటే కళ్ళు చూశాయి, నేను చూడలేదు. ఆ రోజు నుంచి బార్కర్‌ని వదిలేసి వాళ్ళనే చూడ్డం మొదలుపెట్టా. ఎంత పనో అప్పుడు తెలిసింది. ఎనౌన్సరు (1985 దాకా జానీ ఓల్సన్, ఆయన పోయాక రాడ్ రాడీ) ఫ్రిజ్ గురించి గడగడా చదివేస్తుంటాడు. ఆయన నోటివెంట ఐస్ మేకర్ అనే మాట వచ్చే వేళకి ఈమె చెయ్యి ఐస్ మేకర్ దగ్గరుండాలి. వస్తువుకి అడ్డం రాకూడదు, కెమెరాకి వీపు పెట్టకూడదు, హైహీల్స్‌తో పడవలోకి ఎక్కాలి, కారులోంచి దిగాలి, వేడినీళ్ళ తొట్టిలో కూర్చుని హాయిగా ఉన్నట్టు కనపడాలి. చివర్లో షోకేస్ అనే పెద్ద బహుమతుల వంతు వచ్చినప్పుడు చిన్నపాటి నాటకాలు కూడా ఆడాలి. హాలీ హాల్‌స్ట్రమ్ అని ఎర్రజుట్టు ఆవిడ ఒకరుండేది, ఆమె కామెడీ టైమింగ్ చూసి తీరాల్సిందే. ‘మన చీరల కొట్లో సేల్స్‌మేన్ చీరని తన భుజాన వేసుకుని కొంగు చూపిస్తాడు చూడు, అదీ ఇదీ ఒకటే విద్య’ అని తేల్చేశారు అత్తయ్య. ఇంతకన్నా మంచి వివరణ నాకెక్కడా దొరకలేదు.

పైగా ఆ వస్తువులు ఊరికే వచ్చిపడవు. కంపెనీలు సరుకిచ్చి తమ పేరు చెప్పించుకుంటాయి. ఆట పేరుతో మనం చూస్తున్న దాంట్లో సగం ప్రకటనలే. ఆ ప్రకటనలో గొంతు ఎనౌన్సరుది, శరీరం మోడల్‌ది. ఆడేవాళ్ళు గెలిచినా ఓడినా కంపెనీకి కావాల్సింది అప్పటికే చేతికందింది. కాబట్టి ‘అందానికి పెట్టుకున్నారులే’ అని కొట్టిపారేసేవాళ్ళు ఆ షో ఖర్చులు ఎక్కణ్ణించి వచ్చాయో ఒకసారి ఆలోచించండి.

ఇక అదే షోలోని ఇంకో మోడల్, జానిస్ పెనింగ్టన్. ఈమె గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. 1972 సెప్టెంబరులో షో కొత్త రూపంలో సీబీఎస్‌లో మొదలైనప్పుడు చేరింది, 2000 దాకా ఉంది. ఆమె భర్త ఫ్రిట్జ్ స్టామ్‌బర్గర్ జర్మన్ పర్వతారోహకుడు. 1975లో పాకిస్తాన్‌లోని తిరిచ్ మీర్ శిఖరం ఒంటరిగా ఎక్కుతానని వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఆమె ఏళ్ళ తరబడి వెతికింది. చివరికి ఆ వెతుకులాట మీద ఒక పుస్తకమే రాసింది. ఆ వెతుకులాట సాగినన్నాళ్ళూ పగటిపూట అమెరికా ఇళ్ళల్లో ఆమె కొత్త మోడల్ కుట్టుమిషన్ల పక్కనా, సోఫా సెట్ల పక్కనా నవ్వుతూనే కనిపించింది. 1988లో షూటింగ్ మధ్యలో కెమెరా వచ్చి గుద్దింది. స్పృహ తప్పి స్టేజి మీంచి కిందపడింది. ఆపరేషన్లయ్యాయి, ఒక భుజం ఇంకోదానికన్నా అంగుళం పొట్టిదైపోయింది. మచ్చలు పడ్డాయని స్విమ్‌సూట్లు వేసుకోవడం మానేసింది, అంతే. ఉద్యోగం మానలేదు. ఇంకో పన్నెండేళ్ళు చేసింది.

2000లో ఆమెనీ కాథ్లీన్ బ్రాడ్లీనీ ఒకేసారి పంపించేశారు. కాథ్లీన్ ఆ షోలో శాశ్వత మోడల్ అయిన మొదటి నల్లజాతి మహిళ. ఆమె చేరింది 1990లో. 1972లో మొదలైన షోకి ఆ ఒక్క మనిషి దొరకడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది!

ఈలోగా 1998లో, లాస్ ఏంజెలెస్‌లో వాళ్ళు పనిచేసే స్టూడియో 33కి బాబ్ బార్కర్ స్టూడియో అని పేరు పెట్టారు. అమ్మాయిలందరినీ కలిపి ‘బార్కర్స్ బ్యూటీస్’ అనడం అంతకుముందే ఉంది. గోడలూ ఆయనవే, మనుషులూ ఆయనవే అన్నమాట.

కోర్టు గొడవలు క్లుప్తంగా చెప్తా. డయాన్ పార్కిన్సన్ 1975 నుంచి 1993 దాకా పనిచేసి, 1994లో బార్కర్ మీద లైంగిక వేధింపుల కేసు వేసింది. ఇద్దరి ఇష్టంతోనే జరిగిందని ఆయన వాదన. 1995లో ఆమె కేసు వెనక్కి తీసుకుంది. అక్కడ ఏం జరిగిందో కోర్టులో తేలలేదు, నేను తేల్చను. హాలీ హాల్‌స్ట్రమ్ 1995లో బయటికొచ్చింది. మందుల వల్ల లావయ్యాననీ, డయాన్‌కి వ్యతిరేకంగా మాట్లాడనన్నాననీ తనని సాగనంపారని ఆమె అంది. బార్కర్ పరువు నష్టం దావా వేశాడు, ఆమె ఎదురు దావా వేసింది. ఏళ్ళకేళ్ళు నడిచి చివరికి రాజీతో ముగిసింది. బార్కర్ రిటైరైన తర్వాత కూడా ఈ వరస ఆగలేదు. బ్రాండీ కాక్రన్ అనే మోడల్, గర్భవతినయ్యాక నన్ను పనిలోకి రానివ్వలేదని నిర్మాతల మీద కేసు వేస్తే, 2012లో జ్యూరీ మొత్తం 85 లక్షల డాలర్ల దాకా ఇమ్మంది. మరుసటి ఏడు జడ్జి ఆ తీర్పు పక్కన పెట్టి మళ్ళీ విచారణ అన్నాడు. అదీ రాజీయే అయింది. ఈ పేరాగ్రాఫ్ మా ఆఫీసులో ఏ హెచ్‌ఆర్ మనిషికి చూపించినా వణుకు పుడుతుంది. 2012 అంటే నిన్నగాక మొన్న కదా.

‘వాళ్ళకేం తక్కువ, డబ్బొచ్చింది, పేరొచ్చింది’ అని మీరు అనబోతున్నారని తెలుసు. మీరు చెప్పబోయే ఉదాహరణ కూడా తెలుసు, వానా వైట్. సరే, ఆమె దగ్గరికే వద్దాం.

అక్షరాలు చెప్తూ బోర్డు మీది మాట కనిపెట్టే గేమ్ షో ‘వీల్ ఆఫ్ ఫార్చూన్’ 1975 జనవరిలో మొదలైనప్పుడు బోర్డు మీద అక్షరాలు తిప్పింది సూసన్ స్టాఫర్డ్. 1982లో ఆమె ఉద్యోగం వదిలి క్యాన్సర్ రోగుల సేవకి వెళ్ళిపోయింది. ఆ చోటికి వచ్చింది వానా వైట్. అంతకు రెండేళ్ళ ముందు ఇదే వానా ‘ది ప్రైస్ ఈజ్ రైట్’ ఆడడానికి వచ్చి, ధర సరిగ్గా చెప్పి స్టేజి ఎక్కలేక ఇంటికెళ్ళిపోయింది. మొదట్లో ఆమె అక్షరాలున్న పలకల్ని నిజంగానే చేత్తో తిప్పేది. 1997లో ఎలక్ట్రానిక్ తెరలు వచ్చాయి. అప్పట్నుంచి ముట్టుకుంటే చాలు. నిజానికి ముట్టుకోకపోయినా కంప్యూటరు తిప్పేస్తుంది. అయినా ఆమెని తీసెయ్యలేదు, తీసెయ్యలేరు. జనం చూడొచ్చేది అక్షరాల్ని కాదు కాబట్టి.

ఇది నా మాట కాదు, అమెరికా కోర్టే ఒప్పుకుంది. శాంసంగ్ వాళ్ళు అప్పట్లో ఒక ప్రకటన వేశారు. భవిష్యత్తులో, 2012 నాటికి ఎలా ఉంటుందో అని ఒక ఊహ. అక్షరాల బోర్డు పక్కన ఒక రోబో. దానికి బంగారు రంగు విగ్గు, గౌను, నగలు. పేరు లేదు, ముఖం లేదు. వానా కేసు వేసింది. 1992లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఆమె వైపు నిలిచింది. ఆ విగ్గూ ఆ గౌనూ ఆ బోర్డూ కలిస్తే ఎవరో చూసేవాడికి తెలిసిపోతుంది కదా, అదే ఆమె గుర్తింపు అంది. తర్వాత జ్యూరీ 4,03,000 డాలర్లు ఇప్పించింది. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకి, చిరంజీవి హైదరాబాద్ సివిల్ కోర్టుకి తమ పేరూ ముఖమూ ఏఐ వాళ్ళు వాడుకోకుండా చూడమని వెళ్ళారని చదివాం కదా. అలాంటి గొడవని, ఏఐ అనే మాట ఇళ్ళల్లోకి రాకముందే, ‘అక్షరాలు తిప్పే అమ్మాయి’ ఒకావిడ కొట్లాడి గెలిచింది. లా చదివే పిల్లలకి ఈ కేసు తెలుస్తుంది. మిగతావాళ్ళకి చప్పట్లు కొట్టే వానాయే తెలుసు.

అంత పేరున్న ఆమెకి కూడా, 2023లో వచ్చిన వార్తల ప్రకారం, పద్దెనిమిదేళ్ళుగా జీతం పెరగలేదు. పక్కన నిలబడ్డ అప్పటి హోస్టు ప్యాట్ సేజాక్‌కి ఆమెకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆమె లాయర్‌ని పెట్టుకుని అడిగితే గానీ కొత్త ఒప్పందం కుదరలేదు. కోట్లలో తీసుకునేవాళ్ళ గురించి ఏడవడం ఏంటి అంటారేమో. ఏడవడం లేదు. అందరికన్నా గట్టి స్థానంలో ఉన్న మనిషికే ఇది జరిగితే, పేరు లేని మిగతావాళ్ళు ఏమడగగలిగి ఉంటారో లెక్కెయ్యమంటున్నా.

ఇటువైపు నా స్నేహితురాళ్ళు కొందరున్నారు. వాళ్ళది ఇంకో పాట. ‘అసలు అలాంటి ఉద్యోగమే ఉండకూడదు, దాన్ని గుర్తుచేసుకుని మురిసిపోవడమేంటి’ అని. నాకు ఇదీ నచ్చదు. ఉద్యోగం పెట్టిన తీరు తప్పు కావచ్చు. దాన్ని ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు నిలబడి చేసిన మనిషిని కూడా ఆ తప్పులో కలిపి పారేస్తామా? నోరు కట్టేసింది వాళ్ళు కాదు.

‘ఆ కాలం అలాంటిది’ అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఇటలీలో మైక్ బొన్‌జోర్నో అనే టీవీ హోస్టు షోల్లో ఇలాగే పక్కన నిలబడే అమ్మాయిలుండేవాళ్ళు. 1970లో వచ్చిన ‘రిస్కియాతుత్తో’లో సబీనా చుఫీనీకి మాట్లాడే అవకాశం ఇచ్చారు. మాట్లాడే సహాయకురాలని అప్పట్లో అదో వింత! ఆకాశమేమీ ఊడిపడలేదు, షో సూపర్‌హిట్టయింది. మాట్లాడనివ్వాలనుకుంటే మాట్లాడనివ్వచ్చు, అంతే.

మనమేం తక్కువ తినలేదు లెండి. హైదరాబాద్‌లో ఏ ఆడియో ఫంక్షనో, అవార్డుల సభో చూడండి. శాలువాలూ షీల్డులూ ఉన్న పళ్ళెం పట్టుకుని స్టేజి పక్కన ఇద్దరమ్మాయిలు గంటల తరబడి నిలబడే ఉంటారు. పూలగుత్తి ఇచ్చినవారి పేరు చెప్తారు, తీసుకున్నవారి పేరు చెప్తారు, స్పాన్సరు పేరు నాలుగుసార్లు చెప్తారు. పళ్ళెం మోసినవాళ్ళ పేరు చెప్పిన యాంకర్‌ని నేనింకా చూడలేదు. చూసినవాళ్ళుంటే వీడియో పెట్టండి, సంతోషిస్తా.

‘ది ప్రైస్ ఈజ్ రైట్’ వాళ్ళు 2012లో ఆన్‌లైన్‌లో పోటీ పెట్టి రాబ్ విల్సన్ అనే మొదటి మగ మోడల్‌ని తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆడా మగా కలిసే చేస్తున్నారు, బార్కర్ తర్వాత వచ్చిన హోస్టు డ్రూ కేరీ వాళ్ళని పేరు పెట్టి పిలుస్తాడు, అదొక నయం. ఈమధ్య అత్తయ్యకి కొత్త ఎపిసోడ్ ఒకటి పెట్టి, మగపిల్లలు కూడా వచ్చారు చూడండి అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూసి, ‘కుర్రాడు బాగానే ఉన్నాడు గానీ, ఫ్రిజ్‌కి అడ్డం నిలబడ్డాడమ్మా’ అన్నారు.