ఇక్కడ వదిలేసిన కార్బన్ ధర అక్కడ కట్టాలి

విశాఖ వన్‌టౌన్‌లో పెరిగినవాళ్లకు కాలుష్యమంటే కంటికి కనబడేదే. డాబా మీద ఆరేసిన దుప్పటి సాయంత్రం దులిపితే నల్లపొడి రాలేది. కార్బన్ డయాక్సైడ్‌కి ఆ గుణం లేదు. రాలదు, అంటదు. అందుకే దానికి ధర కట్టడానికి ప్రభుత్వాలకు చెయ్యి రాదు. కట్టినా, భారీ పరిశ్రమల దగ్గరికొచ్చేసరికి ఇంతవరకు పైసా కట్టకుండా వదులుకోవచ్చని ఉచిత కోటా ఇచ్చి సరిపెడతాయి.

యూరప్ 2005లో తెరిచిన ఉద్గారాల మార్కెట్లో, అంటే కార్బన్ వదలడానికి పర్మిట్లు కొనుక్కునే చోట, జరిగిందీ ఇదే. ధర కట్టమంటే ఉక్కు, సిమెంట్ ఫ్యాక్టరీలు వేరే దేశానికి తరలిపోతాయి, పొగ మాత్రం తగ్గదన్నది వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ ఊరికే వచ్చిన పర్మిట్ల విలువను కూడా సరుకు ధరలో కలిపి లాభపడ్డ కంపెనీలున్నాయి. ఇప్పుడు అక్కడ ఉచిత కోటాకు కోత మొదలైంది: 2026లో 2.5 శాతం, 2030కి 48.5 శాతం, 2034కి మొత్తం. ఆ మేరకు బయటినుంచి వచ్చే ఉక్కు మీద సీబామ్ అనే సరిహద్దు పన్ను పెరుగుతుంది.

మన కార్బన్ క్రెడిట్ పథకం 2023లో నోటిఫై అయింది. ఉక్కుతో కలిపి తొమ్మిది రంగాలు. టన్ను సరుకుకు ఇంత ఉద్గారం అని లక్ష్యం పెడతారు, దాని లోపల ఉంటే పైసా కట్టక్కర్లేదు. పేరు వేరుగానీ ఇదీ ఉచిత కోటాయే. తయారైన దేశంలో కట్టిన కార్బన్ ధరను సీబామ్‌లో మినహాయిస్తారు. ఇక్కడ కట్టింది సున్నా అయితే మినహాయింపూ సున్నాయే. మనం వదిలేసిన సొమ్ము యూరప్ ఖజానాకు పోతుంది. సీబామ్ అన్యాయమని కొట్లాడాల్సిందే, ఈలోగా బిల్లయితే ఆగదు.

లక్ష్యం ఎలా పెడుతున్నారన్నది ఇంకో చిక్కు. 2025 అక్టోబర్‌లో అల్యూమినియం, సిమెంట్ వంటి నాలుగు రంగాలకు ఇచ్చిన లక్ష్యాల్లో ఏ ప్లాంటు పాత ఉద్గారాల లెక్క ఆ ప్లాంటుదే. ఉక్కుకూ ఇదే పద్ధతి వస్తే ఏమవుతుందో మన స్టీల్‌ప్లాంటులో చూడొచ్చు. ఉక్కు తయారీకి బొగ్గును ఓవెన్‌లో కాల్చి కోక్ చేస్తారు. ఓవెన్ నుంచి తోసిన కోక్ వెయ్యి డిగ్రీల వేడిలో ఎర్రగా కణకణలాడుతుంటుంది. నీళ్లు కొడితే ఆ వేడంతా ఆవిరై గాల్లో కలిసిపోతుంది. విశాఖలో మొదటినుంచీ నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితోనే కరెంటు తీస్తున్నారు. పాత లెక్కమీద లక్ష్యం పెడితే ముందే పొదుపు చేసినవాణ్ని ఇంకా పిండుతారు, దుబారా చేసినవాడికి సులువు మార్కులు. సరుకును బట్టి అందరికీ ఒకే కొలమానం ఉండాలి. యూరప్‌లో ఆ మాత్రం చేశారు, అక్కడి కొలమానం మెరుగైన పదిశాతం ప్లాంట్లది.

అలాగని ఉచితాన్ని ఒక్కసారిగా లాగేయమనను. సొంత ఇనుప గనుల్లేని స్టీల్‌ప్లాంటు 2025 జనవరిలో కేంద్రం ఇచ్చిన 11,440 కోట్ల ప్యాకేజీతో ఊపిరి పీల్చుకుంటోంది. ఏటా ఎంత కోతో ముందే చెప్పాలి. కోసిన భాగం వేలం వేయగా వచ్చిన డబ్బు బడ్జెట్ గుంటలు పూడ్చడానికి కాక ఆ ప్లాంట్లలోనే ఎలక్ట్రిక్ ఫర్నేసులకీ, బొగ్గు బదులు వాడే హైడ్రోజన్‌కీ పోవాలి. హైడ్రోజన్ హబ్‌కు అనకాపల్లి జిల్లా పూడిమడకలో శంకుస్థాపన అయ్యింది కూడా.

కొత్త ప్లాంట్లకు మాత్రం ఈ కనికరం వద్దు. అదే జిల్లా నక్కపల్లిలో ఉక్కు కర్మాగారం ప్రతిపాదన ఉంది. అక్కడ కోక్‌తో ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసే పెడితే, ఒకసారి వెలిగించాక పదిహేను, ఇరవై ఏళ్లు ఆర్పరు. ఈ దశాబ్దం చివర్లో వెలిగినా, యూరప్‌లో ఉచిత కోటా పూర్తిగా పోయే 2034కి మొదటి రీలైనింగ్‌కు, అంటే లోపలి ఇటుక పొర మార్చడానికి, కూడా రాదు.