గేటు చూసి బడి చెప్పేస్తా

ఒక హైస్కూలు మంచిదో కాదో తేల్చడానికి నాకు పావుగంట చాలు. అందులో పది నిమిషాలు గేటు దగ్గరే పోతాయి. గేటు ఎంత ఎత్తుంటే లోపల చదువు అంత గట్టిదని నా అనుభవం. ఆ తర్వాత రిసెప్షన్‌లో మెత్తటి సోఫా, కప్పులతో నిండిన అద్దాల బీరువా, గోడ మీద ర్యాంకర్ల ఫొటోలు. ఇన్ని కళ్ల ముందు కనిపిస్తుంటే క్లాసుల దాకా పోయి పిల్లల్ని ఇబ్బంది పెట్టడం దేనికి?

స్కూల్ కల్చర్ కూడా చూడాలని ఈమధ్య కొందరు అంటున్నారు. చూస్తాను, నాకేం? యాన్యువల్ డే వీడియో పెట్టమంటాను. నూట యాభై మంది ఒకేసారి చెయ్యెత్తి ఒకేసారి దించారంటే కల్చర్ పుష్కలంగా ఉన్నట్టే. చివరి వరసలో ఎవడైనా ఎడమ చెయ్యెత్తితే మాత్రం ఆలోచించాల్సిందే.

లీడర్‌షిప్‌ను కుర్చీతో కొలవాలి. కుర్చీ వీపు ప్రిన్సిపాల్ తల కన్నా జానెడు పైకి ఉండాలి. ఆయన కారిడార్లో అడుగుపెడితే మూడు క్లాసులు టక్కున నోరు మూసుకోవాలి. దీన్నే క్రమశిక్షణ అంటారు. ఆయన మలుపు తిరిగాక ఏమవుతుందో రాయడానికి నా ఫారంలో గడి లేదు.

ఈ లెక్కన మొన్న ఒక స్కూలు ఘోరంగా తప్పింది. నేను వెళ్లేసరికి ప్రిన్సిపాల్ మేడం సీట్లో లేరు. వెతుక్కుంటూ పోతే, ఆడపిల్లల బాత్‌రూమ్ తలుపు దగ్గర స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషి పక్కన నిలబడి ఉన్నారు. "గడియ పడట్లేదని నిన్న ఎనిమిదో తరగతి పాప చెప్పిందండీ" అన్నారు. ఎనిమిదో తరగతి పాప! అర్జీ లేదు, క్లాస్ టీచర్ సంతకం లేదు, నోటిమాట మీద పని జరిగిపోతోంది.

లెక్కల క్లాసులో ఇంకా దారుణం. వెనక బెంచీ కుర్రాడు లేచి, "సార్, మూడో లైన్లో మైనస్ పోయింది" అన్నాడు. సార్ బోర్డు వైపు ఓసారి చూసి, "అవున్రా, నేనే మింగేశాను" అంటూ డస్టర్ అందుకున్నారు. క్లాసంతా నవ్వింది, ఆయనా నవ్వారు. అధికారం పట్టపగలు అలా కుప్పకూలుతుంటే చూడలేక స్టాఫ్ రూమ్‌కి పారిపోయాను. అక్కడ ఇద్దరు టీచర్లు ఒక పిల్లాడి గురించి మాట్లాడుకుంటున్నారు. పోనీ తిడుతున్నారా అంటే అదీ కాదు. "వారం నుంచి నా క్లాసులో నోరు విప్పట్లేదు, నీ దగ్గర ఎలా ఉంటున్నాడు?" అని ఆరా.

ఇలాంటి వాటిని వెనకేసుకొచ్చే పరిశోధకులూ ఉన్నారు. మైఖేల్ రటర్ బృందం లండన్‌లో 12 సెకండరీ స్కూళ్లను ఏళ్ల తరబడి గమనించి 1979లో లెక్క చెప్పింది. భవనం పాతదా కొత్తదా అన్నదానికీ పిల్లల ఫలితాలకీ పొంతన కుదరలేదట. పాఠం వేళకు మొదలవుతోందా, పిల్లలకు బాధ్యతలు ఇస్తున్నారా, వాళ్లు చేసిన పని గోడలెక్కిందా వంటి చిల్లర విషయాలకు కుదిరిందట. సోఫా ఊసే లేదు.

నాకు సమాజ శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ నచ్చుతాడు. 1966లో అమెరికా ప్రభుత్వం కోసం చేసిన అధ్యయనంలో, చదువులో తేడాలకు స్కూలు వసతుల కన్నా ఇంటి నేపథ్యమే పెద్ద కారణమని తేల్చాడు. వసతుల ముక్క వదిలేసి మిగతాది పట్టుకుంటే ఏ ప్రిన్సిపాలుకైనా జీవితం హాయి: మార్కులొస్తే మా బోధన, రాకపోతే మీ పెంపకం. ఎంట్రన్స్ పెట్టి బాగా చదివేవాళ్లనే ఏరుకోవడం, పరీక్షల ముందు తడబడేవాణ్ని మర్యాదగా వేరే స్కూలుకు సాగనంపడం తెలిస్తే ఆ నాయకత్వానికి తిరుగులేదు. ఫలితం నూటికి నూరు. సాగనంపినవాడు ఏ లెక్కలోకీ రాడు.

మేడం గారికి ఇదంతా చెబుదామనుకున్నాను. ఆవిడ ఇంకా గడియ దగ్గరే ఉన్నారు, వేసి తీసి చూసుకుంటూ.

బయటికొచ్చేసరికి చివరి బెల్లు కొట్టి అరగంటైంది. పదిమంది పిల్లలు మెట్ల మీదే కూర్చున్నారు. ఇళ్లకు పోరేం అంటే "వెళ్తున్నాం అంకుల్" అన్నారే గానీ ఒక్కరూ లేవలేదు. ఫారం పూర్తి చేద్దామని గేటు ఎత్తు కొలిచాను. నా నడుం దాకా వచ్చింది. అదీ తెరిచే ఉంది.